లైబ్రరీ బహుమతికి వెళ్తున్న మేనకోడలికి

శ్రీకాకుళం

అమ్మలూ,

మీ యూనివర్సిటీ లైబ్రరీ డిగ్రీ పిల్లల పరిశోధనకి ఇచ్చే బహుమతికి పొందూరు ఖాదీ మీద రాసిన నీ పరిశోధన పేపర్ పంపుతున్నానని ఫోన్‌లో చెప్పావు కదా, ఆ మాట మీ అత్తకి కూడా చెప్పి మురిసిపోయాను. ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసినవాణ్ణి. ఇలాంటి బహుమతి ఒకటుందని వింటేనే కడుపు నిండిపోయింది.

నువ్వు పంపిన నిబంధనలు రెండుసార్లు చదివాను. పేపర్‌తో పాటు, దానికోసం లైబ్రరీని ఎలా వాడుకున్నావో చెప్పే వ్యాసం కూడా అడిగారు. దాన్ని ఆఖరి రోజు రాసి పడేయొచ్చు అనుకుంటున్నట్టున్నావు. అలా చేయకమ్మా. పేపర్ బాగుంటే మార్కులు మీ ప్రొఫెసర్ ఎలాగూ వేస్తారు. ఎక్కడ వెతికావు, ఏం దొరకలేదు, అప్పుడేం చేశావు అన్నది లైబ్రరీ వాళ్ళకి ఆ వ్యాసంలోనే తెలుస్తుంది.

అందుకే ఈ రోజే ఒక నోటుబుక్ పెట్టు. తేదీ వేసి, ఏ కేటలాగ్‌లో ఏ మాటతో వెతికావో రాయి. ఏమీ రాకపోతే 'ఏమీ రాలేదు' అనీ రాయి. 'శ్రీకాకుళం' అని కొడితే పాత పుస్తకాలు రావట్లేదని దిగులుపడ్డావు చూడు, ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో మన ఊరు 'చికాకోల్'. పైగా 1936 దాకా అది గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యాక విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా అంటూ వచ్చింది 1950లోనే. ఏ కాలం సంగతి కావాలో చూసుకుని ఆ జిల్లా పేరుతో వెతుకు. చికాకోల్ మస్లిన్లకి అప్పట్లో మంచి పేరుండేది, ఆ మాటతో కూడా చూడు. ఈ పేర్ల చిక్కు నీకు ఎన్ని రోజులు తినేసిందో వ్యాసంలో దాచకుండా రాయి. నా మటుకు నాకు అదే అన్నిటికన్నా మంచి పేరా అవుతుంది.

పుస్తకం తెరవగానే ముందు టైటిల్ పేజీ ఫోటో తీసుకో. నా ఎమ్మే రోజుల్లో ఒక పాత రిపోర్టులోంచి అర పేజీ ఎత్తి రాసుకుని పేజీ నంబరు వేసుకోలేదు. మళ్ళీ బస్సెక్కి వెళ్తే పుస్తకం బైండింగుకి పోయిందన్నారు. ఆ భాగం తీసేసి ఇచ్చాను. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

లైబ్రేరియన్ దగ్గరికి 'ఖాదీ మీద ఏమైనా ఉన్నాయా' అంటూ వెళ్ళకు. 'పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ వాడటం గురించి పాత రాతలు కావాలి, ఈ మూడుచోట్లా చూశాను' అని వెళ్ళు. అలా అడిగిన పిల్లల కోసం నేను భోజనం కూడా మరిచిపోయి బీరువాలు వెతికేవాణ్ణి. మీ ప్రొఫెసర్ ఇవ్వాల్సిన సిఫారసు ఉత్తరం మాత్రం ఇప్పుడే అడిగేయ్, గడువు దాకా ఆగితే టెన్షన్ నీకే.

ఇంకొకటి. నిరుడు పొందూరులో ఆ పెద్దావిడ గింజకంటిన దూదిని ఆ దవడ పళ్ళతో దువ్వుతుంటే కదలకుండా చూశావు. ఆవిడ మాటలు పేపర్‌లో వాడావు కదా, పేరు వేయొచ్చని అడిగావా? అడగకపోతే వద్దు, వేయకు. ఆదివారం నేనే వెళ్ళి, నువ్వు రాసింది చదివి వినిపించి, ఆవిడ ఏమందో ఆ రాత్రే ఫోన్ చేసి చెప్తాను.

మీ మావయ్య