అమ్మడూ, రెండో కచేరీకి టికెట్ కొను

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఆ అగం రాక్ బ్యాండు ఎక్కడ వాయిస్తే అక్కడికి పోతానంటోంది. బెంగళూరట, చెన్నై అట, కొచ్చి అట. అంతా నీ పోలికే" అని అరగంట నన్ను తిట్టింది. తిట్లు నాకు పడ్డాయి కాబట్టి సలహా ఇచ్చే హక్కు కూడా నాకే ఉంది. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ఈ పిచ్చి మన ఇంట్లో నాతో మొదలైంది కాదు. మీ తాతయ్య వయసులో ఉన్నప్పుడు తెనాలి చుట్టుపక్కల ఏ ఊళ్ళో పద్యనాటకం వేసినా ఎడ్లబండి కట్టించేవాడు. రాత్రి భోజనాలయ్యాక తెర లేస్తే తెల్లారేదాకా నాటకమే. ఈలపాట రఘురామయ్య కృష్ణుడంటే ప్రాణం. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడన్నా అంతే. "అదే నాటకం, అవే పద్యాలు, నీకు కంఠతా వచ్చు కదా, మళ్ళీ ఎందుకు పోవడం?" అని మా నాయనమ్మ గొడవపడేది. "పద్యం నాకూ వచ్చమ్మా, ఇవాళ ఎట్లా ఎత్తుకుంటాడో అదే కదా తెలీంది" అనేవాడు. నేను చెప్పాల్సిందంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. కాకపోతే అది నాకు తలకెక్కడానికి రెండు కచేరీలు పట్టింది.

నా సంగతి నీకు కొంత తెలుసు. ఆటోనగర్‌లో పగలంతా లేత్ మిషన్ ముందు నిలబడి, ఇంటికొచ్చి హెవీ మెటల్ పెట్టేవాణ్ణి, గిటార్లూ డ్రమ్ములూ హోరెత్తించే రాక్ సంగీతం. "పొద్దున ఇనుము చప్పుడు, రాత్రి కూడా ఇనుము చప్పుడేనా" అని మీ అత్తయ్య తలుపు వేసేసేది. నా బ్యాండు పేరులోనే ఇనుముంది మరి, ఐరన్ మెయిడెన్. 1975లో లండన్‌లో స్టీవ్ హారిస్ అనే బాస్ గిటారిస్టు, అంటే మంద్ర స్వరాల గిటారు వాయించేవాడు, పెట్టిన బ్యాండు. క్యాసెట్లు అరిగేదాకా విన్నాను గానీ, వాళ్ళు మన దేశం వస్తారని కలలో కూడా అనుకోలేదు. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. విజయవాడ నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అలాంటి సంగీతానికి అలాంటి పేరున్న బండి ఎక్కి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే అయుంటాను.

ఇక్కడే నా మొదటి తప్పు. మధ్యాహ్నానికల్లా పోయి, గేట్లు తీయగానే పరిగెత్తి, ముందు బారికేడ్ పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. నీళ్ళకి పోతే చోటు పోతుందని తాగలేదు. తీరా మొదలయ్యాక నాకు వినపడింది డ్రమ్ములూ, స్టేజీ మీదున్న గిటారు పెట్టెలూ. పాట సగం వినపడలేదు. పెద్ద స్పీకర్లు మైదానంలో వెనకున్న జనం కోసం పైకి వేలాడదీస్తారు. ఆ శబ్దం ముందు వరసవాళ్ళ నెత్తి మీదుగా పోతుంది. వాళ్ళ ముఖాలు చూశాను, చెమట చూశాను, ఏడ్చాను కూడా. ఏం విన్నావురా అంటే మాత్రం చెప్పలేను.

మరుసటి ఏడు, 2008 ఫిబ్రవరి 1న, ముంబైలో వాయించారు. ఆ ప్రపంచ యాత్రకి అదే మొదటి కచేరీ. బోయింగ్ 757 విమానంలో సామానుతో సహా దిగారు, నడిపింది పాటగాడు బ్రూస్ డికిన్సనే. రాత్రి పాడాలి, పగలు విమానం తోలాలి! నేను కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాను. ఈసారి ముందుకి పోలేదు. మైదానం మధ్యలో ఒక చిన్న డేరా ఉంటుంది చూడు, సౌండ్ ఇంజనీరు మిక్సింగ్ బల్ల పెట్టుకుని కూర్చునే చోటు, దాని పక్కన నిలబడ్డాను. శబ్దాన్ని సరిచేసేవాడు తన చెవికి బాగున్నట్టే సరిచేస్తాడు, అందుకని అక్కడ బాగుంటుంది. ఆ రోజు మొట్టమొదటిసారి హారిస్ బాస్ గిటారు విన్నాను. గుర్రం దౌడు తీస్తున్నట్టు వేళ్ళు. ఇరవై ఏళ్ళుగా వింటున్న పాటల్లో అది ఉందని నాకు తెలీనే తెలీదు. మీ తాతయ్య బండి ఎందుకు కట్టించాడో నిజంగా అప్పుడే అర్థమైంది.

అందుకే చెబుతున్నాను, మొదటి కచేరీకి ఎంత ఖర్చయినా పెట్టకు. తక్కువ టికెట్ తీసుకో. అక్కడ నువ్వు ఎలాగూ వినవు, ఉన్నావన్న సంబరంతోనే అయిపోతుంది. మిగిల్చిన డబ్బు రెండోదానికి పెట్టు. మీ అగం వాళ్ళ విషయంలో ఇంకో లాభం ఉంది. త్యాగరాజ కీర్తనకి రాక్ గిటారు కడతారు, పదాలు తెలుగే. బెంగళూరు జనం అర్థం తెలియకుండా పాడేచోట నువ్వు అర్థం తెలిసి వింటావు. రాగం విస్తరించేటప్పుడు ఏ ఊళ్ళో ఎక్కడ ఆగారు, ఎక్కడ సాగదీశారు, ఇంటికొచ్చాక ఒక నోట్‌బుక్కులో రాసుకో. నేను రాసుకోలేదు, ఇప్పుడు బాధపడుతున్నాను.

టికెట్ల గురించి టెన్షన్ పడకు. బ్లాకులో మాత్రం కొనకు. 2024 సెప్టెంబరు 22న కోల్డ్‌ప్లే అనే ఇంగ్లండు బ్యాండు ముంబై టికెట్లు పెట్టినప్పుడు లక్షల మంది ఆన్‌లైన్ వరసలో నిలబడ్డారు. గంటల్లో బయట రేట్లు లక్షల్లోకి పోయాయి. తర్వాత ఏమైంది? ముంబైలో మూడో రోజు కలిపారు, కొన్నాళ్ళకి అహ్మదాబాద్ కూడా ప్రకటించారు. తొందరపడి పదింతలు పెట్టినవాళ్ళు నెత్తి కొట్టుకున్నారు. అలాగే ఒక్క కచేరీ మీదే ప్రాణం పెట్టకు. 2011 అక్టోబరు 28న గుర్గావ్‌లో మెటాలికా అనే అమెరికా మెటల్ బ్యాండు కచేరీ జనం వచ్చేశాక ఆగిపోయింది. 30న బెంగళూరులో మాత్రం జరిగింది, అక్కడ నేనున్నాను. ఢిల్లీ నుంచి పరిగెత్తుకొచ్చిన పిల్లలు కొందరు మా పక్కనే నిలబడి ఎగిరారు.

చెవుల సంగతి శ్రద్ధగా చదువు. నా ఎడమ చెవిలో ఎప్పుడూ సన్నగా ఈల మోగుతుంటుంది, రాత్రి ఫ్యాన్ ఆపితే మరీ ఎక్కువ. సగం లేత్ ఇచ్చింది, సగం నేనే తెచ్చుకున్నాను. 85 డెసిబుల్స్ శబ్దంలో రోజుకి ఎనిమిది గంటలుండొచ్చు అని లెక్క. ప్రతి 3 డెసిబుల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది పదిహేను నిమిషాలు. రాక్ కచేరీ నూరు దాటడం మామూలు, రెండు గంటలు సాగడం మామూలు. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ చెవి బిరడాలు పెట్టుకో. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. ఊరికే బయట ఆనించి పెడితే పెట్టనట్టే. "పాట పాడవుతుంది మావయ్యా" అంటావని తెలుసు. శబ్దం కాస్త తగ్గుతుంది, పాట పోదు. నా చెవి పోయింది.

ఇక మీ అమ్మ. అబద్ధం ఆడకు. ముంబై వెళ్ళేటప్పుడు నేను మిషన్ స్పేర్‌పార్ట్స్‌కి వెళ్తున్నానని చెప్పాను. మూడో రోజు మీ అత్తయ్య దండెం మీద ఆరేస్తుంటే పక్కింటావిడ "మీ ఆయన చొక్కా మీద ఆ అస్థిపంజరం ఏమిటండీ" అని అడిగింది. బ్యాండు వాళ్ళ బొమ్మ, ఎడ్డీ. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. కచేరీకి పోయినందుక్కాదు, అబద్ధానికి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆ బ్యాండు మళ్ళీ బెంగళూరు వచ్చినప్పుడు నిజం చెప్పాను, పులిహోర కట్టిచ్చింది. కాబట్టి ఏ హాస్టల్లో దిగుతావో, ఎవరితో వెళ్తావో మీ అమ్మకి ముందే చెప్పు. లొకేషన్ పంపు. ఫోన్‌కి పవర్ బ్యాంక్ పెట్టుకో. కచేరీ అయిపోగానే అందరితో పాటు గేటు మీద పడకు. అరగంట కూర్చుని ఏదైనా తిను, ఆటోల రేట్లు దిగుతాయి, జనం కూడా తగ్గుతారు.

ఫోన్‌తో ఒక్క పాట తీసుకో, చాలు. తర్వాత జేబులో పెట్టేసెయ్.

హోటల్ దగ్గర కాపలా కాసి సెల్ఫీ అడగడం మాత్రం నాకు నచ్చదు. నాటకం అయ్యాక వేషం తీస్తున్న నటుడి చుట్టూ మూగేవాళ్ళని మీ తాతయ్య కసిరేవాడట. "తెర పడ్డాక ఆయన కృష్ణుడు కాదు, ఆయన్ని కాఫీ తాగనివ్వండి" అని. నమస్కారం పెట్టే వీలు దొరికితే పెట్టు, రెండో చరణంలో ఏం మార్చారో గమనించానని చెప్పు. అది వాళ్ళకి సెల్ఫీ కన్నా బాగుంటుంది.

చెవి బిరడాలు ఆరు జతలు, రెండు వేలు డబ్బు, ఆవకాయ సీసా వచ్చే ఆదివారం మీ నాన్నకిచ్చి పంపుతున్నాను. సీసా రైల్లో నిలబెట్టి ఉంచు, పోయినసారి మీ అన్నయ్య పడుకోబెట్టి బ్యాగంతా నూనె చేశాడు. కచేరీ దగ్గర టీషర్టులు అమ్ముతారు కదా, నాకొకటి తే, ఎక్స్‌ఎల్ సైజు. మీ అత్తయ్య కూడా ఒకటి అడిగింది, ఆవిడకి మీడియం.

మీ మావయ్య