గాలి పెంచాలనుకుంటున్న మా అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో టాటా 2515 లారీ కొన్నావని, కాగితాలు నీ పేరు మీదే మారాయని చెప్పి మురిసిపోయింది. నాకూ గర్వంగానే ఉందిరా, మన ఇంట్లో మళ్లీ ఒకడు లారీ ఓనర్ అయ్యాడు. ఆ తర్వాత మాటల్లో మాటగా, "ఇంజన్‌కి గాలి ఎక్కువ పోయేలా ఏదో మార్పిస్తాడట, ఫోన్‌లో చూశాడట" అంది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. మధ్యలో ఆపకుండా చదువు.

డీజిల్ ఇంజన్‌కి ఒక్క గాలి పెంచితే బలం రాదు. పంపు కొట్టే డీజిల్ మొత్తం మండటానికి గాలి చాలుతోందా లేదా అన్నదే చూసుకోవాలి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ కక్కుతుంటే గాలి చాలట్లేదేమో అనుకోవచ్చు. పొగ లేకుండా లాగే బండికి ఎంత ఖరీదైన ఫిల్టర్ బిగించినా నీకు తేడా తెలీదు. నీ బండి పొగ కక్కుతోందట కదా. అయితే కొత్త సామాను కొనకముందు, ఉన్న గాలి ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ తప్పించుకుపోతోందో వెతుకు.

ఎయిర్ ఫిల్టర్ ఇండికేటర్ ఎర్రగీత చూపిస్తే ఎలిమెంట్, అదే డబ్బాలో గాలిని వడకట్టే కాగితం మడతల ఫిల్టర్, మార్చు. ఇంటర్‌కూలర్ రెక్కల్లో చిక్కుకున్న మట్టి, పురుగులు కడిగించు. ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో నొక్కిన గాలి వేడెక్కి పలచబడుతుంది, అక్కడ చల్లారకపోతే సిలిండర్‌లోకి పోయేది తగ్గిపోతుంది. సర్వీసింగ్ కుర్రాడు గన్ దగ్గరగా పెట్టి కొడితే మాత్రం రెక్కలు వంగిపోతాయి, పక్కన నిలబడి చెప్పు. పొగగొట్టానికి అడ్డుపడే ఎగ్జాస్ట్ బ్రేక్ రేకు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడు. టర్బో తర్వాత పైపు జాయింట్ల దగ్గర నల్లటి జిడ్డు చార ఉంటే అక్కడ గాలి లీకవుతోందని అర్థం. క్లిప్పు మార్చు.

ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకి వెళ్లే రబ్బరు హోస్ దగ్గర మాత్రం తొందరపడకు. పైకి కొత్తదానిలా కనిపిస్తుంది. లోపలి పొర ఊడి ఉంటే, బండి ఆగి ఉన్నప్పుడు ఏమీ తెలీదు. లోడు మీద టర్బో గట్టిగా పీల్చేసరికి ఆ పొర లోపలికి ముడుచుకుని దారి మూసేస్తుంది. పంపు, ఇంజెక్టర్లు విప్పించి వేలకు వేలు తగలేశాక చివరికి హోస్ దగ్గర తేలిన బండ్లు ఆటోనగర్‌లో ఎన్నో చూశా. విప్పు, లోపలికి వేళ్లు పెట్టి తడుము. తిరిగి బిగించేటప్పుడు క్లిప్పు సరిగ్గా కూర్చుందో లేదో రెండుసార్లు చూడు. టర్బో తర్వాత లీకైతే పికప్ పోతుంది, పొగ వస్తుంది, అంతే. టర్బో ముందు లీకైతే వడకట్టని దుమ్ముగాలి లోపలికి పోతుంది, ఏమీ తెలీదు, ఇంజన్ పోయేదాకా తెలీదు.

ఇప్పుడు మీ నాన్న సంగతి చెప్పాలి. ఫైనాన్స్ వాళ్లు లాక్కుపోవడం వల్ల బండి పోయిందని నీకు చెప్పారు. అది నిజమే కానీ సగమే.

కృష్ణపట్నం పోర్టు కొత్తగా మొదలైన రోజులవి. బావ చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ బండలు తోలేవాడు. ఎండాకాలం ఆ క్వారీ రోడ్ల మీద ముందు బండి లేపిన దుమ్ములో నీ బండి బానెట్ నీకు కనపడదు. ఒకరోజు బండి ఎత్తు ఎక్కనని మొరాయించింది. ఎలిమెంట్ పూడిపోయింది. కొత్తది కావాలంటే ఒంగోలు పోవాలి, లోడేమో సాయంత్రానికి కదలాలి. ఆయన ఎలిమెంట్ విప్పి టైరుకేసి కొట్టాడు. దుమ్ము కుప్పగా రాలింది. ఇంకా రాలాలని పంక్చర్ షాపులో ఫుల్ ప్రెషర్‌తో గాలి కొట్టించాడు. దాని లోపల రెండో కాపలాగా ఉండే సేఫ్టీ ఎలిమెంట్ అప్పటికే లేదు, గాలికి అడ్డమని క్లీనర్ ఎప్పుడో తీసి పడేశాడట.

బండి భలే లాగింది. లాగదా మరి, చివరి రేకు దగ్గర కాగితం మడత చిరిగింది! అంత సన్నటి చీలిక, గోరు దూరేంత. అది ఆయనకి కనపడలేదు. లోపల బల్బు పెట్టి చూస్తే కనపడేది. ఆ ఎలిమెంట్‌తోనే ఎండాకాలమంతా తిరిగాడు.

ఆరు సిలిండర్లు, 5.9 లీటర్ల ఇంజన్. 2,000 ఆర్‌పీఎం దగ్గర, టర్బో ఒత్తిడితో కలిపితే నిమిషానికి 10,000 లీటర్లకు దగ్గరగా గాలి పీలుస్తుంది. ఆ గాలి గోరంత చీలికలోంచి ఎంత రాతిపొడి మోసుకుపోయిందో నువ్వే ఊహించుకో. ముందు ఇంజన్ ఆయిల్ తాగడం మొదలైంది. తర్వాత డిప్‌స్టిక్ తీస్తే అందులోంచి పొగ. నా దగ్గరికి తెచ్చేటప్పటికి స్టార్టవ్వడానికే ఏడుస్తోంది. ఇంజన్ దింపి హెడ్ తీశాం. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ లోపల వేలితో రాస్తే బూడిదరంగు ముద్ద అంటుకుంది, వేళ్ల మధ్య నలిపితే అచ్చం వాల్వులు అరగదీసే పేస్టే. సిలిండర్ లైనర్లలో పిస్టన్ పై రింగు ఆగేచోట గోరు తగిలేంత మెట్టు. రింగుల అంచులు బ్లేడులా పదునెక్కి నా బొటనవేలు తెగింది. టర్బో చక్రం రెక్కలు కొసల్లో అరిగి పలచబడ్డాయి. బావ ఆ రింగు చేతిలో పట్టుకుని ఏమీ మాట్లాడకుండా చాలాసేపు కూర్చున్నాడు.

రిపేరుకి మీ అమ్మ గాజులు తాకట్టుకెళ్లాయి. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కిస్తీలు ఆగాయి. ఆపై నీకు తెలిసిందే. ఆయన చివరిదాకా ఒకరి బండి తోలాడు. చెడ్డ డ్రైవర్ కాదురా మీ నాన్న. ఆయనంత నెమ్మదిగా గేరు వేసేవాణ్ని నేను చూడలేదు. టర్బో చల్లారాలని రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచకుండా ఎప్పుడూ ఇంజన్ ఆపలేదు. లోడు తొందర ఆయన్ని తినేసింది.

నువ్వు బిగించాలనుకుంటున్న కోన్ ఫిల్టర్ ఫోటో మీ అమ్మ పంపింది. బుద్ధుందా? తోలేది క్రషర్ కంకర, పెట్టేది నూనె రాసిన కాటన్ గుడ్డా? గాలిని బాగా వదులుతుంది, నిజమే. సన్నటి దుమ్మునీ వదులుతుంది. పైగా డబ్బా లేకుండా ఇంజన్ పక్కనే ఉంటే పీల్చేది వేడిగాలి. కంపెనీ వాడు గాలి పీల్చే గొట్టాన్ని క్యాబిన్ వెనక అంత ఎత్తున పెట్టింది చల్లగాలి కోసం, దుమ్ము తక్కువుంటుందని. పెద్ద టర్బో మాట అసలు ఎత్తకు. 2019లో సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఓనర్‌కి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

ఎలిమెంట్‌ని ఊరికే విప్పి దులపకు. విప్పిన ప్రతిసారీ కొంత దుమ్ము శుభ్రంగా ఉన్నవైపు పడుతుంది. డబ్బా కింద ఉండే రబ్బరు వాల్వుని మాత్రం రోజూ పొద్దున నొక్కు, దుమ్ము రాలిపోతుంది. సేఫ్టీ ఎలిమెంట్ ఉందో లేదో ఈరోజే చూడు. దాన్ని కడగడం, గాలి కొట్టడం ఉండదు. మార్చడమే. కోపంగా రాశానని అనుకోకు, కోన్ ఫిల్టర్‌కి దాచిన డబ్బులు దానికి పెట్టు, చాలకపోతే నేనిస్తా.

టాపెట్లు, అంటే వాల్వుల సందు, చూసి కూడా చాన్నాళ్లయి ఉంటుంది. ఇన్‌టేక్ 0.25, ఎగ్జాస్ట్ 0.50 మిల్లీమీటర్లు. అది అక్కడ ఎవరితోనూ చేయించకు, నేనే పెడతా. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి కాబట్టి శనివారం రాత్రికే బండి తెచ్చి మన షెడ్డు ముందు ఆపు. అత్త నీ కోసం బొమ్మిడాయిల పులుసు పెడతానంటోంది. గాజుల సంగతి నేను రాశానని మాత్రం మీ అమ్మకి చెప్పకు.

మీ మావయ్య