చెమ్మ గోడల అద్దె ఇంట్లో అమ్మ: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. ఒక పాత ఇంటి కింది పోర్షన్‌లో ఒక్కతే అద్దెకు ఉంటోంది. గోడలు చెమ్మగిల్లి పెచ్చులూడుతున్నాయి. మంచం పక్కన నల్లగా బూజు పట్టింది. బాత్రూంలో కాలు జారుతోంది, గీజర్ వేస్తే కుళాయి పట్టుకున్న చేయి జివ్వుమంటోందట. ఓనరు ‘చూద్దాం’ అంటాడే గానీ కదలడు. గట్టిగా అడగబోతే ‘ఖాళీ చేయమంటాడు, ఊరుకో’ అని అమ్మ ఆపేస్తోంది. నేనుండేది వేరే ఊళ్లో. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ కుళాయి సంగతి చూడండి. మిగతావి వారం ఆగినా ఇది ఒక్క పూట కూడా ఆగకూడదు. గీజర్‌లో కరెంటు లీకవుతోంది, దాన్ని భూమిలోకి పంపాల్సిన ఎర్తింగు సరిగా పనిచేయడం లేదు అనుకునే నడుచుకోవాలి. ఇప్పుడే ఫోన్ చేసి, చేతులు పొడిగా తుడుచుకుని కరెంటు బోర్డులో గీజర్ ఎంసీబీ (దాని లైను ఆపే స్విచ్) దించేయమనండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా దాన్ని వాడొద్దు. వచ్చినతను ఎర్తింగు పరీక్షించాలి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో చూడాలి, లేకపోతే పెట్టాలి. ఎంసీబీ ఉందిగా అనుకోకండి. అది వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది, షాక్ నుంచి మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీయే. దాని మీది టెస్ట్ బటన్ నొక్కగానే టక్కున పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే.

తర్వాత బాత్రూం. టవల్ రాడ్డు పట్టుకుని లేచే అలవాటుంటే మాన్పించండి, అది మనిషి బరువుకు ఊడి వస్తుంది. గాలి పీల్చి టైలుకు అతుక్కునే పిడులూ అంతే. గోడకు బిగించే పట్టుకడ్డీ నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తులో ఉండాలి. కానీ చెమ్మకు గుల్లబారిన గోడలో మేకు నిలవదు. వేలి కణుపుతో కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే అక్కడ బిగించకుండా, కమోడ్ చుట్టూ నేల మీదే నిలబడే ఫ్రేము తీసుకోండి. దీనికి గోడకు బెజ్జం పడదు, ఓనరు అనుమతి అక్కర్లేదు, ఇల్లు మారినా వెంట తీసుకెళ్లొచ్చు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రిపూట మనిషి కదిలితే వెలిగే లైట్లు పెట్టండి.

ఇక చెమ్మ. అది ఎక్కడిదో తేలకుండా రంగు వేస్తే కొన్నాళ్లకే మళ్లీ ఉబ్బుతుంది. అడుగు చదరం అల్యూమినియం ఫాయిల్‌ను, పైపైన తుడిచి ఆరబెట్టిన గోడకు నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు వేసి అంటించండి. రెండు రోజులయ్యాక తీసి చూడండి. గదివైపు తడి ఉంటే గాలిలోని ఆవిరి చల్లని గోడ మీద నీరుగా మారుతోంది. కిటికీ తీయడం, బట్టలు గదిలో ఆరేయకపోవడం, మంచాన్ని గోడకు బెత్తెడు దూరం జరపడం వల్ల తగ్గుతుంది. గోడవైపు తడి ఉంటే నీరు గోడలోంచే వస్తోంది. పైపు లీకో, పైకప్పు లీకో, పునాది నుంచి ఎగబాకే తేమో అయ్యుంటుంది. అది ఓనరు చేయించాల్సిన పని. బూజును పొడిగా గీకొద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది, ఎంత మొండి మరకైనా ఆ పని చేయొద్దు.

ఓనరును కదిలించేది కాగితమే. పెన్సిలుతో చెమ్మ అంచు వెంట గీత గీసి, పక్కన తేదీ వేసి ఫొటో తీయండి. రెండు వారాల తర్వాత మళ్లీ. తడి గీత దాటిందంటే ‘అది పాత మరకేనండీ’ అనడానికి వీలుండదు. ఉత్తరంలో ‘ఇల్లు బాగోలేదు’ అని రాయకండి. ఏ గది, ఏ లోపం, ఎప్పటి నుంచి, ఏం బాగు చేయాలి, ఏ తేదీలోగా అన్నది రాయండి. అద్దె ఒప్పందం అమ్మ పేరున ఉంటే సంతకం ఆమెదే ఉండాలి. ఫోన్లో మాట్లాడిన రోజునే ‘శుక్రవారం ప్లంబర్‌ను పంపుతానన్నారు’ అని మెసేజ్ పెట్టండి. కోపం మీద అద్దె మాత్రం ఆపొద్దు. బకాయి చూపి ఖాళీ చేయించడానికి అదే సాకవుతుంది. డాక్టరు రాసే కాగితంలో కూడా ‘ఆయాసం’ అన్న ఒక్క మాట సరిపోదు, బూజున్న గదిలో ఉండటం వల్ల పెరుగుతోందని ఆయన భావిస్తే అదే రాయమనండి. ఇవన్నీ చేతిలో ఉంటే మునిసిపాలిటీకో ఉచిత న్యాయ సహాయానికో వెళ్లినప్పుడు మాట నిలుస్తుంది.

అమ్మగారి భయాన్ని తీసిపారేయకండి, అది ఉత్త భయం కాదు. ఆమెకు తెలియకుండా ఓనరుతో తగువు పెట్టుకుంటే రేపటి నుంచి ఇబ్బందులు మీకు చెప్పడమే మానేస్తారు. ఉత్తరం ముందు ఆమెకే చదివి వినిపించండి. మరమ్మతు అడుగుతూనే వేరే ఇల్లు కూడా చూస్తూ ఉండండి.

ప్రశ్న: తుంటి ఎముక ఆపరేషన్ అయిన నాన్న వచ్చే వారం ఇలాంటి ఇంటికే డిశ్చార్జి అవుతున్నారు. ఆసుపత్రిలో ఏం చెప్పాలి?

జవాబు: డిశ్చార్జి తేదీ ఖాయం కాకముందే చెప్పాలి. గుమ్మం దగ్గర మెట్లెన్ని, ఒక్కోటి ఎంత ఎత్తు, పట్టుకోవడానికి ఏమైనా ఉందా, కమోడా నేల మట్టం మరుగుదొడ్డా అన్నది రాసిచ్చి ఫిజియోథెరపిస్టుకు చూపండి. కింద కూర్చోవాల్సిన మరుగుదొడ్డయితే కమోడ్ కుర్చీ ఆయనకంటే ముందే ఇంటికి చేరాలి. బాత్రూం తలుపు తెరిచాక మిగిలే సందును టేపుతో కొలవండి. వాకర్ వెడల్పు సుమారు రెండడుగులు. పాత ఇళ్లలో చాలా బాత్రూం తలుపుల్లో అది పట్టదు.