ఎమ్మెస్ అప్పుకి హైదరాబాద్ జీతం లెక్క

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ పూర్తిచేశాడు. టెక్సస్‌లో ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ సీటు వచ్చింది. రెండేళ్ల చదువుకి 40 లక్షల అప్పు కావాలి, ఇల్లు తనఖా పెట్టాలి. ఉద్యోగం వచ్చాక రెండేళ్లలో అప్పు తీరిపోతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. నాకు నెలకి 80 వేలు చేతికొస్తుంది, ఇంకో నాలుగేళ్లలో రిటైరవుతాను. ముందుకు వెళ్లమంటారా?
– ఒక తండ్రి, కుషాయిగూడ

జవాబు: ముందు అప్పు అసలు ఎంతో చూద్దాం. విద్యా రుణానికి చదువయ్యేదాకా కిస్తీ కట్టక్కర్లేదు, కానీ వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. 11 శాతం వడ్డీ అనుకుంటే 40 లక్షలకి ఏడాదికి 4 లక్షల 40 వేలు. చదువు రెండేళ్లు, ఆపైన ఆరు నెలల గడువు కలిపితే 11 లక్షలు. అది అసలులో కలిశాక మీ అప్పు 51 లక్షలు. పదేళ్ల కిస్తీ నెలకి దాదాపు 70,250 రూపాయలు. (బ్యాంకు సెమిస్టర్‌వారీగా డబ్బు విడుదల చేస్తుంది కాబట్టి అసలు వడ్డీ దీనికంటే కొంత తగ్గుతుంది. లెక్క సులువుగా ఉండాలని మొత్తం ఒకేసారి తీసుకున్నట్టు వేశాం.)

ఇక రాబడి. అబ్బాయికి ఏడాదికి 75,000 డాలర్ల ఉద్యోగం వచ్చిందనుకుందాం. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లినవారికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పింఛను, వైద్య బీమా) కింద జీతంలో కోసే 7.65 శాతం ఉండదు. పేరోల్ వాళ్లు తెలియక కోస్తుంటారు, మొదటి జీతం స్లిప్‌లోనే చూసుకుని ఆపించాలి. రెండు దేశాల పన్ను ఒప్పందం వల్ల భారతీయ విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ కూడా దొరుకుతుంది. 2025 పన్ను శ్లాబుల ప్రకారం నెలకి సుమారు 5,590 డాలర్లు చేతికొస్తాయి. గది పంచుకుని, కారు, బీమా, తిండి అన్నీ కలిపి 2,300 డాలర్లలో నెట్టుకొస్తే 2,500 డాలర్లు ఇంటికి పంపి, కొంత చేతిలో ఉంచుకోవచ్చు. డాలరు 90 రూపాయలైతే అది 2 లక్షల 25 వేలు. ఆ లెక్కన 51 లక్షలు తీరడానికి 26 నెలలు పడుతుంది. కన్సల్టెన్సీ చెప్పింది మరీ అబద్ధమేమీ కాదు. అయితే చదువవగానే ఉద్యోగం రావాలి, మధ్యలో అది పోకూడదు. మీ ఇంటిని ఆ రెండు షరతుల మీద పెట్టబోతున్నారని మాత్రం వాళ్లు చెప్పరు.

చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేయడానికి 12 నెలల అనుమతి, అంటే ఓపీటీ ఉంటుంది. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలలు. మొదటి ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ విషయంలో ఇక్కడే ఒక చిక్కుంది. ఇదే పేరుతో కొన్నిచోట్ల కంప్యూటర్ విభాగం, కొన్నిచోట్ల బిజినెస్ స్కూలు కోర్సు నడుపుతాయి. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఉండే సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ విభాగానిదో చెప్పే నంబరు చూడండి. 11.0103, 11.0401 లాంటివి స్టెమ్ జాబితాలో ఉన్నాయి. 52.1201 లాంటి బిజినెస్ కోడ్ కనిపిస్తే, స్టెమ్ పొడిగింపు వర్తిస్తుందని యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు నుంచి ఈ-మెయిల్‌లో రాయించుకున్నాకే ఫీజు కట్టండి. ఆ 24 నెలలు లేకపోతే పై లెక్క మొత్తం కూలిపోతుంది.

ఆ తర్వాత ఉద్యోగ వీసా, హెచ్-1బీ. ఏడాదికి 85,000 వీసాలకి లాటరీ. 2026 నుంచి ఎక్కువ జీతం స్థాయిలో ఉన్నవారికి ఎక్కువ అవకాశం వచ్చేలా ఎంపిక మార్చారు, కొత్తగా చేరినవారికి ఇది నష్టమే. అందుకే మూడేళ్లకు మించి డాలరు ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఏ కారణం చేతైనా అబ్బాయి తిరిగొచ్చి, గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో చేతికి 50 వేలొచ్చే ఉద్యోగంలో చేరాడనుకోండి. అందులో 20 వేలు కిస్తీకి పెట్టగలడు. పదిహేనేళ్ల గడువు మీద అది మోయగలిగేది 17 లక్షల 60 వేల అప్పు. మీరు చదువుకాలంలో వడ్డీ అంతా కట్టేసి అప్పుని 40 లక్షల దగ్గరే ఆపినా, పదిహేనేళ్ల కిస్తీ 45,500. మిగతా 25 వేలు మీ జీతంలోంచి వెళ్లాలి. కానీ చదువయిన రెండేళ్లకే మీ జీతం ఆగుతుంది.

కాబట్టి 40 లక్షలకి ఇల్లు పెట్టవద్దన్నదే మా సలహా. అప్పు 25 లక్షలకి దిగితే వెళ్లవచ్చు. అప్పుడు పదిహేనేళ్ల కిస్తీ 28,400. అబ్బాయి ఇక్కడికి వచ్చినా మీరు కొన్నాళ్లు ఆసరా ఉంటే మోయగలిగిన బరువే. తగ్గించే దారులున్నాయి. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీ మీద కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ వచ్చినవారికి ఆ రాష్ట్రం విద్యార్థుల ఫీజే వర్తింపజేసే వెసులుబాటుంది. పరిమితంగానే ఇస్తారు కాబట్టి డిపార్ట్‌మెంట్‌కి అబ్బాయే ఇప్పుడే రాసి అడగాలి. అది రాకపోతే ఇక్కడ రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లడం మేలు. అనుభవం ఉన్నవాడికి అక్కడ ఉద్యోగం త్వరగా దొరుకుతుంది, తిరిగొచ్చినా జీతం 50 వేల దగ్గర మొదలవ్వదు.

జీతాల గురించి ఒక మాట. కాలేజీ చూపించే సగటులో ఎంతమంది వివరాలిచ్చారు, అందులో ముందే అనుభవం ఉన్నవారెందరు అని అడగండి. అమెరికా ప్రభుత్వ కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో కనిపించే సంపాదనలు ఫెడరల్ సాయం పొందిన విద్యార్థులవే. మన పిల్లలు అందులో లెక్కకే రారు.

ప్రశ్న: మా పాప విదేశీ చదువు అప్పుకి మార్జిన్ మనీ (బ్యాంకు ఇచ్చేది పోను మనం పెట్టుకోవాల్సిన వాటా) 10 లక్షలు తక్కువయ్యాయి. మా బావగారు రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తానంటున్నారు. ఘట్‌కేసర్ దగ్గర గ్రామ పంచాయతీ లేఅవుట్ ప్లాటు కూడా ఉంది, దాన్ని బ్యాంకు తీసుకుంటుందా?
– ఒక పాఠకురాలు, ఎల్.బి.నగర్

జవాబు: నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 10 లక్షలకి నెలనెలా 20 వేలు, అదీ పాప చదువు మొదలైన నెల నుంచే. రెండేళ్లలో 4 లక్షల 80 వేలు కట్టినా అసలు అలాగే ఉంటుంది. వద్దండి. బంగారం మీద బ్యాంకు రుణం దీనికంటే చాలా చౌక.

లేఅవుట్లకి అనుమతిచ్చే హెచ్‌ఎండీఏ, డీటీసీపీల ఆమోదం లేని ప్లాట్లని బ్యాంకులు మామూలుగా తిప్పి పంపేస్తాయి. వ్యవసాయ భూమి కూడా అంతే, ఎందుకంటే సర్ఫేసీ చట్టం (బాకీ పడితే తనఖా ఆస్తిని బ్యాంకు తీసుకునే చట్టం) కింద దాన్ని స్వాధీనం చేసుకోవడం కుదరదు. ప్లాటు ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం)లో క్రమబద్ధం అయ్యుంటే ఆ ప్రొసీడింగ్స్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకుని ముందు బ్యాంకు లాయరుకి చూపించండి. లీగల్ ఒపీనియన్ దగ్గరే వారాలు గడిచిపోయి ఫీజు గడువు దాటిపోతుంటుంది.

పూచీ లేకుండా ఇస్తామనే ఫైనాన్స్ కంపెనీలని రెండు ప్రశ్నలడగండి: చదువుకాలంలో వడ్డీ సాధారణమా, నెలనెలా చక్రవడ్డీయా? బీమా ప్రీమియం అప్పులోంచే కోస్తారా?

ప్రశ్న: తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధిని నమ్ముకుని మొదటి సెమిస్టర్ ఫీజు కట్టవచ్చా?
– ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: కుదరదు. అంబేద్కర్, జ్యోతిబా ఫూలే విద్యానిధుల కింద 20 లక్షల వరకు ఇస్తారు, కుటుంబ ఆదాయ పరిమితి ఉంది, దరఖాస్తు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లో. కానీ మొదటి విడత మీరు అక్కడ దిగి ఇమిగ్రేషన్ కాగితాలు పంపాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. మొదటి ఫీజుకి, తొలి ఆరు నెలల ఖర్చుకి వేరే డబ్బు సిద్ధంగా ఉంచుకోండి. విద్యానిధి చేతికి వచ్చినప్పుడు బ్యాంకు అప్పులో జమచేయండి. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ అప్పుని ముందుగా కడితే జరిమానా ఉండదు.