30 వేలుంటే ట్రెడ్‌మిల్ వద్దు తమ్ముడూ, ఇనుము కొనండి

మీరు రాసింది ముందు ఓసారి చెప్పుకుంటాను, చదివేవాళ్లకీ తెలుస్తుంది. మన వైజాగులోనే, మధురవాడలో రెండు పడగ్గదుల అద్దె ఫ్లాటు, రెండో అంతస్తు. మీకు 34, ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం. బొజ్జ వచ్చింది, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. ఇంట్లో వ్యాయామానికని 30 వేలు పక్కన పెట్టారు. మీ ఆవిడ కూడా చేస్తానంటోంది, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ట్రెడ్‌మిల్ కొనాలా, డంబెల్స్, బెంచీ ఉన్న సెట్టు కొనాలా అన్నది ప్రశ్న.

నాకు 49. అక్కయ్యపాలెంలో ఉంటాం, స్కూల్లో లెక్కలు చెబుతాను. జిమ్ ట్రైనర్ని కాను, డాక్టర్ని అసలే కాను. 38 వేలు పోసి పనికిరానిది కొని, తర్వాత అందులో మూడో వంతు ఖర్చుతో దారిలో పడ్డదాన్ని. ఆ అనుభవంతోనే చెబుతున్నా.

2018లో మూడు నెలల షుగర్ పరీక్ష చేయిస్తే 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే గుమ్మంలో నిలబడ్డట్టు, ఇంకా లోపలికి రాలేదు అన్నారు డాక్టరు గారు. నడవమన్నారు. నడవమంటే నడవచ్చు కదా! ‘రోడ్డు మీద కుక్కలు, వానొస్తే బురద, పొద్దున్నే వంటా’ అని నాకు నేనే వంకలు చెప్పుకుని, వాయిదాల మీద ట్రెడ్‌మిల్ తెచ్చేశాం. మా లిఫ్టులో పట్టలేదు. నలుగురు మనుషులు మూడో అంతస్తుకి మోశారు. హాల్లో పెడితే సోఫా జరపాలి, అందుకని బాల్కనీలో పెట్టించాను. సముద్రపు గాలి తగులుతూ నడుస్తాను కదా అని మురిసిపోయా.

ఆ గాలే కొంప ముంచింది.

మొదటి నెల బాగానే నడిచింది. రెండో నెల కింద ఫ్లాటు బాబాయిగారు పైకొచ్చి, ‘అమ్మా, ఐదయ్యేసరికి మా నెత్తి మీద గుర్రాలు పరిగెడుతున్నాయి’ అన్నారు పాపం, నవ్వుతూనే. టైం మార్చాను. మార్చిన టైం కుదరక రోజు విడిచి రోజు అయింది, తర్వాత ఆదివారాలు అయింది. రెండో వానాకాలం దాటేసరికి బోల్టులు ఎర్రగా తుప్పెక్కాయి, పట్టుకునే కమ్మీ మీద పూత పొక్కులు లేచింది, బెల్టు ఒక పక్కకి జారడం మొదలుపెట్టింది. చివరికి లోపలి బోర్డు పోయింది. మెకానిక్కు వచ్చి చూసి, ‘ఉప్పుగాలి మేడం, ఇది వారంటీలోకి రాదు, తొమ్మిది వేలవుతుంది’ అన్నాడు. మేం చేయించలేదు. మా అత్తగారు దాని మీద తువ్వాళ్లు ఆరేసుకునేవారు. ‘ఇంత ఖరీదైన దండెం ఈ వీధిలో ఎవరికీ లేదే’ అనేవారు. 4,500కి అమ్మాను. కిందికి దించినవాళ్లకి 600 పోయింది.

ఇందులో యంత్రం తప్పు సగమే. మిగతా సగం, నేను దేనికి డబ్బు పెట్టాలో తెలియకపోవడం.

చూడండి, పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, దాంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకి పని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఈ రెంటిలో మొదటిదాన్ని మన ఊరు ఊరికే ఇస్తోంది. పొద్దున్న పూట బీచ్ రోడ్డు మీద కాసేపు బళ్లు ఆపేసి నడిచేవాళ్లకి వదిలేస్తారు. శివాజీ పార్కు ఉంది, సెంట్రల్ పార్కు ఉంది. కాళ్లకి బుద్ధి చెప్పాలంటే కైలాసగిరి మెట్లున్నాయి, సింహాచలం మెట్లున్నాయి. ఆషాఢ పున్నమికి అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది చెప్పుల్లేకుండా నడుస్తారు. మీకైతే రుషికొండ పక్కనే. అలాంటి ఊళ్లో ఉంటూ నడకకి 30 వేల యంత్రమా? ‘మరి వానలొస్తే?’ అంటారు. నేనూ అదే అన్నాను. తర్వాత ఒక ఏడాది క్యాలెండర్లో గుర్తు పెట్టాను. వాన వల్ల పోయిన రోజులు 23. బద్ధకం వల్ల పోయినవి ఇక్కడ రాయను.

రెండోది, అంటే కండరాల పని, బయట ఊరికే దొరకదు. డబ్బు పెట్టాల్సింది దానికే.

నాకు ఈ సంగతి తెలిసింది భుజం పట్టేశాక. ఎడమ చెయ్యి పైకి లేవదు, జడ వేసుకోలేను, బోర్డు మీద పై వరస రాయలేను. ఫిజియోథెరపీ అమ్మాయి రెండు లీటరు నీళ్ల సీసాలు చేతుల్లో పెట్టింది. లీటరు నీళ్లు కిలో. నెల పోయాక సీసాలు తేలికైపోయాయి. ‘ఇప్పుడు రెండు కిలోలు, తర్వాత మూడు’ అంది. అప్పుడర్థమైంది, పెరిగే బరువు కావాలి. ఐదు కిలోల డంబెల్ జత కొంటే అది చచ్చేదాకా ఐదు కిలోలే. మనం మారుతాం, అది మారదు.

అందుకని రాడ్డు వేరు, ప్లేట్లు వేరు, నట్లు వేరుగా ఉండే డంబెల్స్ తీసుకోండి. ఇవాళ చేతికి నాలుగు కిలోలు, ఆర్నెల్లకి పది. ప్లేట్లలో మూడు రకాలు చూశాను. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు పోసినవి చవక, కానీ లావుగా ఉంటాయి. నాలుగు ప్లేట్లు ఎక్కించేసరికి రాడ్డు అయిపోతుంది. నేను కొన్నవాటిలో ఒకటి ఆర్నెల్లలో పగిలి మంచం కింద ఇసుక రాలింది. ఉత్త పోత ఇనుమువి సన్నగా ఉంటాయి, తరాలు నిలుస్తాయి, కానీ మన గాలికి తుప్పు. రబ్బరు తొడుగు ఉన్న ఇనుము వైజాగుకి సరైనది. కొత్తలో వాసన కొడుతుంది, వారం పోయాక తగ్గుతుంది. కొనేటప్పుడు మీ రాడ్డు చేత్తో పట్టుకెళ్లండి, అన్ని ప్లేట్ల కన్నం ఒక్కలా ఉండదు.

ఇంకో మాట. ప్లేటు మీద 5 అని అచ్చు ఉన్నంత మాత్రాన ఐదు కిలోలు కాదు. ఒక కొట్లో తెచ్చిన ప్లేట్లు ఎందుకో ఒకవైపు తేలిగ్గా అనిపించి, మా వీధి కిరాణా కొట్టుకి సంచిలో మోసుకెళ్లి కాటా మీద పెట్టించాను. ఒకటి 4 కిలోల 950, రెండోది 4 కిలోల 600. కొట్టబ్బాయి ‘టీచరుగారూ, కందిపప్పులో మేం ఇంత కొట్టేస్తే ఊరుకుంటారా?’ అన్నాడు. వెనక్కి పట్టుకెళ్తే మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. మీరు కొట్లోనే తూయించండి.

ఇక మీ 30 వేల లెక్క. మీకూ మీ ఆవిడకీ నడిచే బూట్లు, ఆరు వేలు. ఇక్కడ పీనాసితనం చెయ్యకండి, సాయంత్రం పూట కొనండి, నడిచాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. నేల మీద పరిచే దళసరి రబ్బరు చాపలు, రెండు వేలు. అద్దె ఇల్లు కాబట్టి ఇది బరువుల కన్నా ముందు కొనాలి. మా ఇంట్లో ఓ రోజు నట్టు సరిగా బిగించక రెండున్నర కిలోల ప్లేటు జారి పడింది. టైలు మీద సాలెగూడు లాంటి పగులు, ఇప్పటికీ చాప కింద దాక్కుని ఉంది. సొంతిల్లు కాబట్టి సరిపోయింది, మీకైతే అడ్వాన్సులో కోస్తారు. డంబెల్ రాడ్లు రెండు, అన్నీ కలిపి 25 కిలోల దాకా ప్లేట్లు, నాలుగు వేలు. సాగే రబ్బరు బ్యాండ్లు మూడు రకాలు, వెయ్యి. వీటిని ఎండ తగలకుండా పెట్టండి, ఏడాదికోసారి పగుళ్లు చూసుకోండి, తెగితే మొహాన కొడుతుంది.

ఇంకో నాలుగు వేలు వస్తువుకి కాదు, నేర్చుకోడానికి. ఒక నెల దగ్గర్లోని జిమ్‌లో చేరండి, లేదా వారానికి రెండుసార్లు ఇంటికొచ్చే ట్రైనర్ని పెట్టుకోండి. ఐదే పనులు నేర్పమనండి: బస్కీలు, దండీలు, నేల మీంచి బరువు లేపడం, వంగి బరువు పొట్ట వైపు లాగడం, తల మీదికి ఎత్తడం. ఫోన్లో వీడియో చూసి చేస్తే నడుం ఎక్కడ వంగుతోందో మనకి కనబడదు. నేల మీంచి లేపడం నేర్చుకున్నందుకు నాకు దక్కిన ఫలం గ్యాస్ బండ. గ్యాసే 14.2 కిలోలు, ఇనప బండతో కలిపి 30 దాకా ఉంటుంది. ఇదివరకు మా ఆయన వచ్చేదాకా గుమ్మంలో ఉండేది, ఇప్పుడు నేనే లోపల పెడతాను.

మొత్తం 17 వేలు. మిగతా 13 వేలు బ్యాంకులో ఉంచండి. బెంచీ ఇప్పుడు కొనకండి. మూడు నెలలు నేల మీదే చెయ్యండి. అప్పటికీ చాప మీద దుమ్ము పట్టకపోతే, అప్పుడు మడతపెట్టే బెంచీ తీసుకోండి. కొట్లో దాని మీద పడుకుని అటూ ఇటూ ఊగి చూడండి, కిర్రుమంటే వద్దు. తలుపు చట్రానికి బిగించే కమ్మీ మాత్రం అద్దింట్లో పెట్టుకోకండి, చట్రం ఎంత గట్టిదో దాన్ని కట్టినవాడికే తెలియాలి. పదిహేను రకాల వ్యాయామాలు చేసుకోవచ్చని బొమ్మ వేసి అమ్మే సెట్లు కూడా అంతే. పద్నాలుగు ఎవరూ చెయ్యరు.

పాతవి దొరికితే ఇంకా మేలు. మనది నేవీ వాళ్లున్న ఊరు, బ్యాంకుల వాళ్లూ ఎక్కువే. బదిలీలొచ్చాయంటే సామాను సగం ధరకి వదిలేస్తారు. ఇనప ప్లేట్లు పాతబడినా బరువు తగ్గవు, కళ్లు మూసుకుని కొనచ్చు (కాటా మాత్రం కళ్లు తెరిచి చూడండి). ఇంత చెప్పినా మనసు ట్రెడ్‌మిల్ మీదే ఉంటే, అది కూడా పాతదే చూడండి. దాని మీద పావుగంట నడిచి, మోటారు దగ్గర కాలిన వాసన వస్తుందా, బెల్టు మధ్యలోనే ఉంటోందా చూసుకోండి. ‘పీక్’ అని రాసిన హార్స్‌పవర్ నమ్మకండి, ఆగకుండా ఎంత ఇస్తుందో అది అడగండి. బాల్కనీలో మాత్రం పెట్టకండి.

మీ ఆవిడని ‘ఆడవాళ్లు బరువులెత్తితే మగరాయుళ్లవుతారు’ అని ఎవరో ఒకరు బెదిరిస్తారు. మా ఇంట్లో మా అత్తగారే అన్నారు. ఆవిడది శ్రీకాకుళం జిల్లా. ‘మీ జిల్లా పిల్లే కదా అత్తయ్యా, కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీలో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి పతకం తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ’ అన్నాను. అంతే, మర్నాటి నుంచి పక్క ఫ్లాట్ల వాళ్లకి నా డంబెల్స్ చూపించడం ఆవిడ పనే అయింది.

అమ్మగారి విషయంలో సొంత వైద్యం వద్దు, ఒకసారి ఎముకల డాక్టరుకి చూపించి, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు చేయించండి. మా అత్తగారికి చెప్పింది చేతుల్లేని గట్టి కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, పూటకి పదిసార్లు, అంతే. ఖర్చు సున్నా. కుర్చీ గోడకి ఆనించి పెట్టాలి.

తుప్పు సంగతి చెప్పి ఆపేస్తా. చెమట చేత్తో ముట్టుకున్న రాడ్డుని పొడి గుడ్డతో తుడిచేయండి. పదిహేను రోజులకోసారి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు మరలకి రాయండి, లేకపోతే నట్టు పట్టేసి సుత్తి తేవాల్సి వస్తుంది. సముద్రం వైపు కిటికీ దగ్గర కాకుండా లోపలి గదిలో పెట్టండి. అన్నట్టు, మీ లోపలి గదిలో మంచం పోను ఎంత చోటుందో కొలిచి ఇక్కడే కింద రాయండి. ఆరడుగులకి నాలుగున్నర కన్నా తక్కువుంటే చాపలు వేరే కొలత తీసుకోవాలి.