అయోవా పల్లెటూరికి పిల్లాడితో వచ్చేవాళ్ళకు

జె-1 వెయివర్ (జె-1 వీసా మీద శిక్షణ పొందిన డాక్టరు, డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్ళు పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్ళక్కర్లేదనే మినహాయింపు) మీద అమెరికాలోని అయోవా రాష్ట్రం చిన్న ఊళ్ళ ఆసుపత్రులకు వస్తున్న మన డాక్టర్లు తరచూ అడిగేది ఒకటే: "మూడేళ్ళు ఇక్కడ చెయ్యక తప్పదు, మరి మావాడి సంగతేంటండీ? కోచింగ్ లేదు, తెలుగువాళ్ళు లేరు, ఎటు చూసినా మొక్కజొన్నే."

దయచేసి ఆ మూడేళ్ళూ వాణ్ణి ఆన్‌లైన్ క్లాసుల ముందు కట్టిపడేయకండి. ఎదిగే వయసులో ఉన్న కుర్రాడికి పని, బాధ్యత, స్నేహితులు ఒకేచోట దొరికే ఊళ్ళివి. ముందు కౌంటీ (మన జిల్లాలాంటిది) ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి, అంటే యూనివర్సిటీ నడిపే వ్యవసాయ సలహా కేంద్రానికి వెళ్ళి, పశువులు, తోటలు లాంటి ప్రాజెక్టులు పిల్లలే చేసే ఫోర్-హెచ్ క్లబ్బులో చేర్పించండి. హైస్కూల్లో వ్యవసాయం క్లాసు ఉంటే, ఆ క్లాసు పిల్లల సంఘమైన ఎఫ్ఎఫ్ఏలో కూడా. ఎఫ్ఎఫ్ఏ వాళ్ళ యూనిఫాం అయిన ఆ నీలం కార్డురాయ్ జాకెట్ల పిల్లలు నలుగురి ముందు నిలబడి ఎంత ధైర్యంగా మాట్లాడతారో చూడండి. అయితే వీటిలో పిల్లలు తీసుకునే మార్కెట్ స్టీర్ ప్రాజెక్టు అంటే, నెలల తరబడి తన చేత్తో మేపిన కోడెను ఫెయిర్ (పశువుల ప్రదర్శన జరిగే ఊరి సంబరం) అయ్యాక కోతకు పంపడమే. మీ ఇంటికి, వాడి మనసుకు అది సరిపడకపోతే పాడి పెయ్యనో, కోళ్ళనో, కూరగాయల తోటనో ఎంచుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

జూలైలో స్కూలు పిల్లలు చాలామంది డీటాసిలింగ్‌కి వెళ్తారు. సీడ్ మొక్కజొన్నలో ఆడ సాళ్ళ మీద మగపూత పీకెయ్యడం, మన దగ్గర సీడ్ పంట వేసే రైతులకు బాగా తెలిసిన పనే. పొద్దున్నే మంచుకి బట్టలన్నీ తడిసిపోతాయి, ఎండెక్కాక ఉక్కపోత, ఆకులు చర్మం కోసేస్తాయి, అందుకే పొడుగు చేతుల చొక్కా, కళ్ళద్దాలు తప్పనిసరి. అయోవాలో 14 ఏళ్ళు నిండితే చెయ్యొచ్చు. కానీ హెచ్-4 (హెచ్-1బి మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లాడు ఈ జీతం తీసుకోకూడదు, చేతికి క్యాష్ ఇస్తామన్నా సరే. స్నేహితులంతా వెళ్తుంటే వాడికి బాధగానే ఉంటుంది, కసరకుండా కూర్చోబెట్టి వీసా సంగతి విడమరిచి చెప్పండి. గ్రీన్‌కార్డు ఉంటే మాత్రం నిశ్చింతగా పంపండి.

పొలం ఉన్న స్నేహితుల ఇళ్ళకు వెళ్ళనివ్వండి, గ్రెయిన్ బిన్ (గింజలు నిల్వచేసే పెద్ద రేకు గాదె) లోకి మాత్రం దిగొద్దని గట్టిగా చెప్పండి. అడుగు నుంచి గింజ జారుతుంటే మనిషి కొన్ని సెకన్లలోనే కూరుకుపోతాడు, పట్టుకు లాగినా రాడు.

ఇక కారు. ఇక్కడ 14 ఏళ్ళకే లెర్నర్ పర్మిట్, పద్నాలుగున్నరకి స్కూలుకెళ్ళే లైసెన్సు ఇస్తారు. కంకర రోడ్లు కలిసే చోట చాలావాటికి స్టాప్ బోర్డే ఉండదు, ఆగస్టుకల్లా మొక్కజొన్న మనిషి ఎత్తు దాటిపోయి అడ్డంగా వచ్చే ట్రక్కు కనబడదు. ఆ కూడళ్ళలో వేగం తగ్గించి రెండు పక్కలా చూసుకోవడం వాడికి అలవాటయ్యేదాకా మీరే పక్కన కూర్చుని నడిపించండి.