లైఫ్ సర్టిఫికెట్ అడగని సంగతి

ప్రశ్న: సైన్యంలో ఇరవై రెండేళ్ళు పనిచేసి 2012లో హవల్దారుగా రిటైరయ్యాను. మాది నెల్లూరు జిల్లా మెట్టప్రాంతం. ఉన్న మూడెకరాలూ వానను నమ్ముకున్న చేను కావడంతో కావలి దగ్గర ఒక గిడ్డంగిలో రాత్రి కాపలాకు కుదిరాను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుడి గుర్తింపు కార్డు తీయించుకున్ననాడు ప్రస్తుత ఉద్యోగం అన్నచోట ‘లేదు’ అని రాశారు. ఈనాటికీ అక్కడ ‘లేదు’ అనే ఉంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్ర వేసి వస్తున్నాను. బతికి ఉన్నానా అని అడిగే ప్రభుత్వం ఎలా బతుకుతున్నానో ఏనాడూ అడగలేదు. మావంటివాళ్ళ బాగోగుల లెక్క ఎవరిదగ్గరైనా ఉంటుందా? బయటి దేశాలలో ఎలా చేస్తారు?
– మాజీ హవల్దారు, ఉదయగిరి ప్రాంతం

జవాబు: లెక్క లేకపోలేదు గాని, అది నాలుగైదు చోట్ల ముక్కలై ఉంది. మీ ర్యాంకు, సర్వీసు, బ్యాంకు ఖాతా, మీ తరువాత కుటుంబ పింఛను ఎవరికి చెందాలన్న వివరం ప్రయాగ్‌రాజ్ నుంచి నడిచే ‘స్పర్శ్’ పింఛను వ్యవస్థకు తెలుసు. మీ షుగరు, బీపీ సంగతి 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం (ఈసీహెచ్ఎస్) పాలీక్లినిక్‌కు తెలుసు. మీరు ఏ సరుకు కొన్నదీ క్యాంటీన్ కార్డుకు తెలుసు. మీరు ఏ అర్జీ పట్టుకుని ఎప్పుడు వచ్చిందీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తెలుసు. ఢిల్లీలోని పునరావాస డైరెక్టరేట్ జనరల్‌కు తాను ఇప్పించిన శిక్షణల లెక్క, తన ద్వారా సెక్యూరిటీ ఏజెన్సీలకు వెళ్ళినవారి లెక్క తెలుసు. ఇన్ని తెలిసినా, ఆ గిడ్డంగిలో రాత్రంతా మేలుకుని ఉన్నందుకు మీ చేతికి ఎంత వస్తున్నదో వీటిలో ఏ ఒక్కదానికీ తెలియదు.

ఇందుకు కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. ఈ దస్త్రాలు దేనికవి ఒక చెల్లింపు కోసమో ఒక రాయితీ కోసమో పుట్టినవి; మనిషి వెళ్ళి అడిగినప్పుడే అవి తెరుచుకుంటాయి. అడగడానికి రానివాడు వాటిలో ఉండడు. పదిహేనేళ్ళ సర్వీసు నిండకుండా, పింఛను లేకుండా ఇంటికి వచ్చిన జవాను పేరు పింఛను జాబితాలో సాధారణంగా కనిపించదు. నా దృష్టిలో అసలు లోటు ఇదే. పింఛను లేని హవల్దారు స్థాయి వరకు గల మాజీ సైనికులలో 65 ఏళ్ళు దాటిన నిరుపేదలకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. కాని అటువంటి వృద్ధులు ఒక మండలంలో ఎందరున్నారో ముందుగా చెప్పగల జాబితా లేనప్పుడు, కబురు తెలిసినవాడికే ఆ సాయం అందుతుంది. 2011 జనాభా లెక్కల ఫారంలో మనిషికి 29 ప్రశ్నలు వేశారు. పుట్టిన ఊరు, మాతృభాష, పనికి వెళ్ళే దూరం వరకు అడిగారు గాని, సైన్యంలో పనిచేశారా అన్న ప్రశ్న అందులో లేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ ప్రశ్నను 2021 జనాభా లెక్కల్లో మొదటిసారి అడిగారు. సుమారు 18.5 లక్షల మంది గతంలో సాయుధ బలగాలలో పనిచేసినవారని తేలింది. పదహారేళ్ళు నిండినవారిలో ఇది 3.8 శాతం. జనాభా లెక్కల్లో అడగడం వలన కలిగిన ప్రయోజనం ఏమిటంటే, వారి ఆరోగ్యం, ఇల్లు, ఉద్యోగం వంటి వివరాలను అదే వయసున్న ఇతరుల వివరాల పక్కన పెట్టి చూడడానికి వీలైంది.

అమెరికావారి పద్ధతి మీ ప్రశ్నకు మరింత దగ్గరగా ఉంటుంది. అక్కడి సెన్సస్ బ్యూరో సైన్యం ఇచ్చిన డిశ్చార్జి వివరాలను, యజమానులు దాఖలు చేసే జీతాల రికార్డులతో జోడించి, సైన్యం విడిచిన 1, 5, 10 సంవత్సరాల తరువాత సంపాదన ఎంత ఉన్నదో ప్రకటిస్తుంది. ర్యాంకును బట్టి, సైన్యంలో చేసిన పనిని బట్టి, తరువాత చేరిన రంగాన్ని బట్టి ఈ పట్టికలు ఉంటాయి. అంటే ఇంజన్లు బాగుచేసిన మెకానిక్‌కు, సిగ్నల్స్‌లో పనిచేసిన ఆపరేటరుకు బయట ఏమి దక్కిందో వేర్వేరుగా చూడవచ్చు. పట్టికలలో ఎవరి పేరూ ఉండదు. చిన్న గుంపులలో మనిషిని పోల్చుకునే వీలు లేకుండా అంకెలను కావాలనే కాస్త అటూ ఇటూ చేసి ప్రకటిస్తారు.

మన దగ్గర ఇది సాధ్యమా అంటే, కొంతవరకు సాధ్యమే. మీ యజమాని పీఎఫ్ కడుతున్నట్లయితే మీ జీతం ప్రతినెలా ఒక ఖాతాలో నమోదవుతూనే ఉంటుంది, ఆ ఖాతాకూ మీ పింఛనుకూ ఆధార్ ఉమ్మడిగా ఉంటుంది. పేర్లు తీసివేసి ఆ రెంటినీ కలిపి చూసే అధికారం ఒక గణాంక సంస్థకు చట్టబద్ధంగా ఇవ్వవలసి ఉంటుంది. పింఛను ఇచ్చే కార్యాలయానికే ఆ పని అప్పగించడం మంచిది కాదని నా అభిప్రాయం, ఎందుకంటే జీతం సంగతి చెబితే పింఛనుకు ఏమైనా అడ్డు వస్తుందేమోనన్న భయం మన పల్లెల్లో ఇప్పటికే ఉంది. అయినా పీఎఫ్ లేని కాపలాదారు, గేదెలు పెట్టుకున్నవాడు, కౌలుకు చేసేవాడు ఆ లెక్కలో చిక్కరు. వారి కోసం ఇల్లిల్లూ తిరిగే సర్వే తప్ప మార్గం లేదు.

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాలలో మాజీ సైనికులకు 10 శాతం, ఒకప్పటి గ్రూప్-డి ఉద్యోగాలలో 20 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ వాటా నిండకపోతే, తగిన అభ్యర్థులు దొరకలేదన్న జవాబు వస్తుంటుంది. అది నిజమో కాదో తేల్చడానికైనా, ఏ జిల్లాలో ఏ చదువు, ఏ ట్రేడు ఉన్నవారు ఖాళీగా ఉన్నారో తెలియాలి. కనుక మీరు డిశ్చార్జి బుక్కు, పింఛను మంజూరు పత్రం (పీపీఓ) పట్టుకుని నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళినప్పుడు, ఆ ‘లేదు’ను కొట్టించి, చేస్తున్న పని, జీతం, కోరుకునే పని రాయించండి.

ప్రశ్న: అగ్నివీర్‌గా వెళ్ళిన మా అబ్బాయికి నాలుగేళ్ళు పూర్తి కావస్తున్నాయి. సైన్యంలో ఉంచుకోకపోతే వాడి పేరు కూడా ఈ మాజీ సైనికుల లెక్కలోకి వస్తుందా?
– ఒక తండ్రి, సింగరాయకొండ

జవాబు: రాదండి. అగ్నివీరులను తీసుకునేందుకు 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో ప్రతి బ్యాచ్ నుంచి 25 శాతం వరకే శాశ్వత సర్వీసుకు తీసుకుంటారు. మిగిలినవారికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి ఇస్తారు గాని, పింఛను, మాజీ సైనికుడన్న హోదా ఉండవు. వారి తదుపరి ఉపాధికి సంబంధించిన సమన్వయ బాధ్యతను 2025లో కేంద్ర హోంశాఖకు అప్పగించారు. రక్షణశాఖ పుస్తకంలో ముగిసిన పేరు హోంశాఖ పుస్తకంలోకి ఎక్కేలోపు జారిపోకూడదు. నిజానికి ఒక బ్యాచ్ మొత్తం ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే ఈడులో బయటికి వస్తుంది కనుక, ఏడాదికి, అయిదేళ్ళకు వీరు ఏమయ్యారో చూడడం మిగతావారి కంటే చాలా తేలిక.

మీవాడు వచ్చేటప్పుడు సర్వీసు సర్టిఫికెట్, నైపుణ్య సర్టిఫికెట్ తెచ్చుకున్నాడో లేదో చూసుకోండి. ఫోన్ నంబరు అడిగినచోట వాడిది మాత్రమే ఇస్తే ఏడాదిలో సిమ్ మార్చేస్తాడు. ఇంటి అడ్రసుతోపాటు మీ నంబరు కూడా రాయమనండి.